చెప్పు కరిచింది

జూన్ 3

ఇవాళ మేడమ్ ఆఫీసు గదికి పిలిచింది. పాలపొడి డబ్బాల గురించేమో అనుకుంటూ వెళ్ళాను. లోపలికి అడుగు పెట్టగానే తలుపు వేసి రమ్మంది. తలుపు వేయమన్నారంటే అది మంచి మాట కాదు.

ఆవిడ ఎదురుగా ఒక కాగితం ఉంది. పోయిన నెల డేకేర్‌లో పనిచేసే మా అందరి ఫోన్లలో ఎక్కించిన యాప్ పంపిందట. అది మన ఫోన్లో ఫొటోలు చూస్తుంది, రాసుకున్నవి చదువుతుంది, వాయిస్ మెసేజీలు వింటుంది. పసిపిల్లల్ని ఎత్తుకునేవాళ్ళు ఎలాంటివాళ్ళో తల్లిదండ్రులకు నమ్మకం ఉండాలి కదా అన్నారు. నిజమే కదా అని సంతకం పెట్టాను. నా ఫోన్లో ఏముంటుంది, నా మొహం. ఆ యాప్‌కి గొడుగు బొమ్మ ఉంటుంది. అంతా బాగుంటే పచ్చగా, బాగోకపోతే ఎర్రగా. మేమంతా దాన్ని గొడుగు అనే అంటాం.

మేడమ్ కళ్ళజోడు సర్దుకుని చదివింది. "బాలుడిని కొరికి తినాలన్న కోరిక. ఆయుధం ప్రస్తావన, తుపాకీ గుండు. ప్రాణం పోవడం గురించి ప్రస్తావన."

ఎవరి గురించి చదువుతోందో నాకు తెలియలేదు. ఎవరో గాని ఎంత రాక్షసి అనుకున్నాను కూడా.

తర్వాత తేదీ చెప్పింది. అప్పుడు గుర్తొచ్చింది. ఆ సాయంత్రం బస్సు కోసం నిలబడి అక్కకి వాయిస్ పెట్టాను. "మా గుండుగాడికి పన్నొచ్చిందే. ఆ ఒంటిపన్ను వేసుకుని నవ్వుతుంటే కొరుక్కు తినేయాలనిపిస్తుంది. వాళ్ళమ్మ వచ్చి తీసుకుపోతుంటే ప్రాణం పోతోందనుకో." గుండుగాడు మా పసిపిల్లల గదిలో అందరికన్నా చిన్నవాడు. నెత్తిన ఒక్క వెంట్రుక లేదు, అందుకే గుండు. నా చెవి పట్టుకుంటే గాని వాడికి నిద్ర రాదు.

అక్క ఇచ్చిన జవాబు కూడా ఆ కాగితంలో ఉంది. "చస్తే చద్దువు గాని, ముందు తిని చావు." మా అక్క దేనికైనా ఇచ్చే జవాబు అదే. నడుం పడిపోయిందన్నా అదే, దిగులుగా ఉందన్నా అదే. కాగితంలో దానికి ఆత్మహత్యకు ప్రోత్సాహం అని పేరు పెట్టారు.

"మేడమ్, మీకు తెలుసు కదండీ," అన్నాను.

"నాకు తెలుసమ్మా. మా పిల్లల్ని నేనూ అలాగే అంటాను. కానీ పెద్దాఫీసులో ఇది చదివేవాళ్ళకి మన భాష రాదు. యంత్రం ఏది రాసిస్తే వాళ్ళకి అదే. ముద్దుగా అన్న మాట అని టిక్కు పెడదామంటే అలాంటి గడి లేదు ఇందులో." ఆవిడ నవ్వబోయి మానేసింది.

నెలాఖరు దాకా పరిశీలనట. అప్పటిదాకా పసిపిల్లల గదిలోకి వెళ్ళకూడదు, బట్టలుతికే గదిలో పని. గొడుగు మళ్ళీ ఎర్రబడితే హెచ్చరిక. ఆ పైన కూడా ఎర్రబడితే ఇంక పనిలోకి రానక్కర్లేదు.

మా ఆయన సెలూన్‌లో రోజంతా నిలబడి వచ్చి, వేణ్ణీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని అంతా విన్నాడు. "ఆ యాప్ నా ఫోన్లో ఉంటే ఈపాటికి నన్ను ఉరి తీసేవాళ్ళు. వచ్చినవాడికల్లా గుండు కొడతానంటాను కదా," అన్నాడు.

నవ్వొచ్చింది. పడుకున్నాక నవ్వు రాలేదు.

జూన్ 4

నాకేం భయం లేదు. తప్పు చేసినవాళ్ళకి కదా భయం.

జూన్ 6

ఉతికే గదికి కిటికీ లేదు. మూడు యంత్రాలు తిరుగుతూ ఉంటాయి. తడి తువ్వాళ్ళు, దుప్పట్లు, పాలు కక్కిన చొక్కాలు, ముద్దలు ముద్దలుగా వచ్చి పడుతుంటాయి. గుండుగాడి పసుపు దుప్పటి కనపడితే గుర్తుపట్టాను. వాసన చూశాను. ఎవరూ లేరు లోపల, అయినా చటుక్కున కింద పెట్టేశాను.

గోడకి అవతలే పసిపిల్లల గది. మధ్యాహ్నం వాడు ఏడుస్తూనే ఉన్నాడు. కొత్తగా వేసినావిడ ఊపుతోంది, పాట పాడుతోంది, గిలక్కాయ ఆడిస్తోంది. నీ చెవి ఇవ్వమ్మా తల్లీ అని గోడ ఇవతల నుంచి నేను అనుకుంటున్నాను. వెళ్ళి చెప్పొచ్చు. వెళ్ళకూడదు కాబట్టి వెళ్ళలేదు.

జూన్ 8

ఆదివారం. అక్కకి ఫోన్ చేసి విషయం చెప్పాను. మామూలు ఫోన్ మాటలు అది వినదని మేడమ్ చెప్పింది. నిజమే అయ్యుంటుంది.

"అంటే మనిద్దరి మధ్య ఒకడు కూర్చుని వింటున్నాడా?" అంది అక్క.

"ఒకడు కాదక్కా, యంత్రం."

"యంత్రానికి తిట్టుకీ ముద్దుకీ తేడా తెలీదా?"

"తెలీదట."

"మరి తెలీనిదాన్ని కూర్చోబెట్టారెందుకు?"

అక్క నాకన్నా రెండేళ్ళు పెద్ద. బావ పోయాక ఊళ్ళో ఒక్కతే ఉంటోంది, బట్టలు కుడుతుంది. బస్సులో వెళ్ళాలంటే సగం రోజు పడుతుంది కాబట్టి మా అక్కచెల్లెళ్ళ బతుకంతా ఈ వాయిస్ మెసేజీల్లోనే. పొద్దున్నే ఆవిడ "నీ మొహం మండ, బతికే ఉన్నావా?" అని పెడితే నాకు తెల్లారినట్టు. నేను "నీకంటే ముందు పోతానా" అంటాను. తర్వాత ఎదురింటావిడ, కుళాయి, మోకాళ్ళు, షుగర్, రవికెలు చెడగొట్టావని వచ్చి గొడవ పెట్టుకున్నవాళ్ళు, అన్నీ వస్తాయి.

ఫోన్ పెట్టేశాక కాసేపటికి ఒక వాయిస్ వచ్చింది. "ఒరే గొడుగూ, వింటున్నావు కదా. నీ మొహం కూడా మండ. నా చెల్లెలి జోలికొచ్చావంటే నీ ఊచలన్నీ విరిచి పొయ్యిలో పెడతాను."

ఎన్ని రోజులకి నవ్వానో. మా ఆయనకి కూడా వినిపించాను.

జూన్ 9

ఎర్రబడింది.

పొద్దున ఫోన్ తెరవగానే తెర నిండా అదే. "మీకు ఎవరి వల్లనైనా హాని ఉందా?" అని అడిగింది. కింద ఉంది, లేదు అని రెండు బొత్తాలు. లేదు నొక్కాను. ఎందుకు లేదో వివరంగా రాయమంది. మా అక్క అని రాశాను.

మేడమ్ ఈసారి తలుపు కూడా వేయమనలేదు. దాంతో ఇంకా భయమేసింది. "మీ అక్కగారిని కొంచెం సౌమ్యంగా మాట్లాడమనండమ్మా. నెలాఖరు దాకానే కదా. ఇంకోటి వస్తే నా చేతుల్లో ఏమీ ఉండదు," అంది.

సాయంత్రం అక్కకి ఫోన్ చేశాను. అలిసిపోయి ఉన్నాను, చేతులు నానిపోయి ముడతలు పడ్డాయి, పక్కన ఎవరో పెద్దగా మాట్లాడుతున్నారు. గట్టిగానే అన్నాను. నీ నోటి వల్ల నా ఉద్యోగం పోతుంది, అలా మాట్లాడేటట్టయితే నాకు మెసేజీలు పెట్టొద్దు అన్నాను.

అవతల అక్క తొక్కుతున్న మిషన్ చప్పుడు ఆగింది. తర్వాత, "సరే, ఏ మాటలు అనకూడదో చెప్పు," అంది.

చెప్పాను. చావడం, చంపడం, మండడం, కొరకడం, కరవడం, విరగ్గొట్టడం, తోలు తీయడం.

"ఇవన్నీ తీసేస్తే ఇంక మాట్లాడుకోవడానికి ఏం మిగిలిందే?" అంది.

ఫొటోలు కూడా పంపొద్దన్నాను. చేతులో కాళ్ళో కాస్త ఎక్కువ కనిపిస్తే దానికి ఏదోలా తోస్తుందని ఉతికే గదిలో చెప్పుకుంటున్నారు. ఫోన్లు కూడా మరీ అవసరమైతేనే చేయమన్నాను. వినదనే అంటున్నారు గాని, విననిది ఎలా నమ్మడం.

"సరేలే," అంది.

జూన్ 10

పాత ఫొటోలు చూసుకుంటూ కూర్చున్నాను. మా ఆయన సెలూన్‌లో ఉండగా తీసింది ఒకటుంది. ఎవరో పెద్దమనిషి గడ్డం నిండా నురగ, ఈయన వంగి కత్తి పట్టుకుని చాలా శ్రద్ధగా గీస్తున్నాడు. నాలిక కొద్దిగా బయటికి వచ్చి ఉంది, శ్రద్ధగా పనిచేస్తే అలా వస్తుంది ఈయనకి. పనిలో ఉండగా తీసిన ఫొటో అదొక్కటే.

కత్తి ఉంది, మెడ ఉంది. తీసేశాను. ఎలాగూ మసగ్గా ఉంది.

జూన్ 12

అక్క దగ్గర నుంచి వాయిస్. వార్తలు చదివినట్టు చదివింది. "ప్రియమైన చెల్లెలికి. నేను క్షేమంగా ఉన్నాను. ఇక్కడ వాతావరణం పొడిగా ఉంది. ఎదురింటి ఆవిడతో కుళాయి విషయమై స్వల్ప అభిప్రాయభేదం ఏర్పడింది. చర్చలు కొనసాగుతున్నాయి."

స్వల్ప అభిప్రాయభేదం అంటే బిందెలు విసురుకునే దాకా వచ్చి ఉంటుంది. పొట్ట పట్టుకుని నవ్వాను. నేను కూడా అదే గొంతుతో, "మీ క్షేమ సమాచారం తెలిసి సంతోషించాను," అని పంపాను.

గొడుగు పచ్చగా ఉంది.

జూన్ 15

పచ్చ.

జూన్ 16

ఇంటికి రాగానే ఫోన్ తువ్వాళ్ళ కింద సొరుగులో పెడుతున్నాను. భయం కాదు, బల్ల మీద చోటు లేదు. మా ఆయన ఏదో చెప్పబోయి, నా వంక చూసి, సొరుగు వంక చూసి, గొంతు తగ్గించి చెప్పాడు. చెప్పింది ఏమిటంటే చీపురు అరిగిపోయిందని.

గుండుగాడు ఇవాళ తక్కువ ఏడ్చాడు. మంచిదే.

జూన్ 17

అక్క మెసేజీలు చిన్నవైపోయాయి. "క్షేమం. నీవు కూడా క్షేమమని తలుస్తాను." నేను "క్షేమం" అని పంపుతున్నాను. ఇదే బాగుంది నిజానికి. ఇదివరకు ఆవిడ సోదంతా వినేసరికి దిగాల్సిన స్టాపు దాటిపోయేది. ఇప్పుడు ప్రశాంతంగా ఉంది.

జూన్ 19

అక్క: "కొత్త పాదరక్షల వల్ల కుడి పాదానికి స్వల్ప అసౌకర్యం కలిగింది. ఆందోళన చెందవలదు."

పాదరక్షలట. ఎక్కడ నేర్చుకుందో. "జాగ్రత్త వహించగలవు" అని పంపాను.

పచ్చ.

జూన్ 22

ఆదివారం అంతా పడుకునే ఉన్నాను. లేస్తే పని చేయాలి, పడుకుంటే ఆలోచన వస్తుంది, రెంటికీ ఓపిక లేదు.

అక్క: "పాదం విషయంలో మెరుగుదల లేదు. కొద్దిపాటి జ్వరం. ఆహారంపై ఆసక్తి తగ్గింది. ఆందోళన చెందవలదు."

"వైద్యుణ్ణి సంప్రదించగలవు" అని పంపాను. పరిశీలనలో ఉండగా సెలవు అడగడం బాగుండదు. నెలాఖరు అయ్యాక ఒకసారి వెళ్ళొస్తాను.

మా ఆయన అడిగాడు. "మీ అక్క ఎలా ఉంది?"

"బాగానే ఉంది."

"తిట్టిందా?"

"లేదు."

"తిట్టకపోతే బాగానే ఉందని ఎలా అంటావే?"

నాకు ఒళ్ళు మండింది. అన్నిటికీ ఎగతాళి ఈ మనిషికి. నీకేం, నీ ఫోన్లో గొడుగు లేదు కదా అన్నాను.

జూన్ 24

అక్క దగ్గర నుంచి ఏమీ రాలేదు.

జూన్ 25

ఇవాళ కూడా రాలేదు. అలిగినట్టుంది. అలగనీ. నాలుగు రోజులు అలిగితే తనే దిగొస్తుంది, చిన్నప్పటి నుంచీ అంతే.

జూన్ 26

ఉతికే గదిలో ఉండగా అక్క నంబరు నుంచి ఫోన్. అక్క కాదు, పక్కింట్లో ఇస్త్రీ చేసే ఆవిడ.

"మీ అక్కకి చెప్పు కరిచిందమ్మా," అంది.

యంత్రాల హోరు. మళ్ళీ చెప్పమన్నాను.

"చెప్పు కరిచిందమ్మా, కొత్త చెప్పు. షుగరు మనిషి కదా, బొబ్బ కాస్తా పుండైపోయింది. కాలంతా నల్లబడింది. రాత్రి పిలిస్తే పలకలేదు. పెద్దాసుపత్రిలో వేశాం. నువ్వు వెంటనే రావాలి."

చెప్పు కరిచింది. షుగర్ తేలిన రోజు డాక్టరు మా ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పిన మాట అదొక్కటే. చెప్పు కరిచినా సరే, ఆ రోజే రావాలి అన్నాడు. ఆ మాట నా చెవిన పడి ఉంటే ఆ పూటే బస్సు పట్టుకుని వెళ్ళేదాన్ని. జుట్టు పట్టుకుని ఆసుపత్రికి ఈడ్చుకెళ్ళేదాన్ని. అక్కకీ అది తెలుసు. కానీ కరవడం అనకూడదని నేనే చెప్పాను. ఆవిడ అనలేదు.

"నాకెందుకు చెప్పలేదమ్మా?" అని అడిగాను ఇస్త్రీ ఆవిడని.

"చెప్పానంది కదమ్మా. నీకు పంపుదామని కాలు ఫొటో కూడా తీయించుకుంది నాచేత. మళ్ళీ వద్దులే, దాని ఉద్యోగానికి ఇబ్బంది అంది."

తడి దుప్పటి చేతిలో అలాగే ఉంది. దాన్ని ఎక్కడ పెట్టానో గుర్తులేదు. మేడమ్‌కి చెప్పి బయటపడ్డాను. ఇంటికొచ్చి రెండు చీరలు సంచీలో పడేసుకుని బస్సెక్కాను. అలవాటుగా సొరుగులో పెట్టిన ఫోన్ అక్కడే ఉండిపోయిందని సగం దారిలో గుర్తొచ్చింది. డైరీ మాత్రం సంచీలోనే ఉంది.

జూన్ 27

కుడికాలు మూడు వేళ్ళు తీసేశారు. మిషన్ తొక్కే కాలు.

డాక్టరమ్మ చిన్నపిల్లలా ఉంది, మాట మాత్రం పెద్దగా ఉంది. "వారం ముందు వచ్చి ఉంటే కట్టు కట్టి పంపించేవాళ్ళం," అంది. నేను తలూపాను. దేనికి తలూపానో.

సాయంత్రం లోపలికి పంపారు. అక్క మొహం చిన్నదైపోయింది. నన్ను చూసింది, నా చేతులు చూసింది, సంచీ వంక చూసింది.

"క్షేమమేనా?" అంది మెల్లగా.

"అక్కా, ఫోన్ లేదు. ఇంట్లో మర్చిపోయి వచ్చాను. మామూలుగా మాట్లాడు."

"నిజంగా లేదా?"

"లేదు."

కళ్ళు మూసుకుంది. అలాగే అంది. "అయితే ఒకసారి తిట్టవే. వేళ్ళు పోగొట్టుకుని పడున్నాను, ఆ మాత్రం చేయలేవా. వినక ఎన్నాళ్ళయిందో."

నేను నోరు తెరిచాను. ఫోన్ అక్కడ లేదు, సగం రోజు దూరంలో తువ్వాళ్ళ కింద ఉంది. అయినా తలుపు వంక చూశాను. పక్క మంచం ఆవిడ దిండు దగ్గర ఎవరిదో ఫోన్ ఉంది, దాని వంక చూశాను. మాట గొంతు దాకా వచ్చింది, బయటికొచ్చేసరికి వేరేది అయిపోయింది.

"నువ్వు త్వరగా కోలుకోవాలని కోరుకుంటున్నాను అక్కా," అన్నాను.

అక్క నా వంక ఒకసారి చూసి గోడ వైపు తిరిగింది. కాలు కదపకూడదు కాబట్టి తల ఒక్కటే తిప్పింది.

నేను అక్కడే నిలబడ్డాను. నర్సు వచ్చి టైమైపోయిందంటే వచ్చేశాను. నాకు నామీద అసహ్యం వేసింది. ఎవరూ వినని చోట కూడా నా అక్కతో నా మాట నేను మాట్లాడలేకపోయాను.

జూన్ 28

అక్క ఇంట్లో పడుకున్నాను. మిషన్ మీద ఎవరిదో సగం కుట్టిన చొక్కా ఉంది. పెడలు పక్కన ఆ కొత్త చెప్పులు. బాగున్నాయి చూడ్డానికి, ఎర్ర పట్టీలు. కుడి చెప్పు పట్టీ లోపల మరక.

మా ఆయన వచ్చాడు, నా ఫోన్ తీసుకుని. "మేడమ్ ఫోన్ చేసింది. పదో తారీఖు నుంచీ అంతా పచ్చగానే ఉందట. ఇంక రెండు రోజులే కదా, మంగళవారం పొద్దున్నే వచ్చి పసిపిల్లల గదిలో చేరమంది. ఆ పిల్లాడు ఎవరి దగ్గరా సరిగ్గా పడుకోవట్లేదట, నిన్ను అడిగిందంట వాళ్ళమ్మ."

చెవి జివ్వుమంది. నిజంగానే. చెయ్యి పెట్టి చూసుకున్నాను.

ఇవాళ అక్కని చూడనివ్వలేదు. వార్డులో ఎవరికో ఏదో అంటుకుందట, రెండు రోజులు బయటివాళ్ళు ఎవరూ లోపలికి వెళ్ళకూడదన్నారు.

"ఏం తింటోంది?" అని నర్సుని అడిగాను.

"ఏమీ తినట్లేదండీ. ఏం పెట్టినా వద్దంటోంది. పేచీ కూడా పెట్టట్లేదు, ఊరికే వద్దంటోంది."

అక్క పేచీ పెట్టకుండా వద్దనడం నేనెప్పుడూ వినలేదు.

జూన్ 29

ఇవాళ కూడా లోపలికి పంపలేదు. వరండాలో బల్ల మీద కూర్చున్నాను. తలుపుకి చిన్న అద్దం ఉంది, అందులోంచి అక్క మంచం కాళ్ళవైపు సగం మాత్రం కనిపిస్తుంది. కట్టు కట్టిన కాలు, దిండు మీద ఎత్తిపెట్టి ఉంది. ముద్ద ఉన్న పళ్ళెం అలాగే ఉంది స్టూలు మీద. దాని పక్కన అక్క ఫోన్. నా గొంతు లోపలికి వెళ్ళే దారి ఇంక అదొక్కటే.

నా ఫోన్ తీశాను. గొడుగు పచ్చగా ఉంది.

చాలాసేపు కూర్చున్నాను. మా ఆయన టీ తెచ్చి ఇచ్చాడు, అది చల్లారింది. ఏం చేయబోతున్నానో ఆయనకి అర్థమైందనుకుంటాను. "నెలాఖరు రేపే కదే," అన్నాడు. నన్ను ఆపడానికి కాదు, తెలిసే చేస్తున్నానా అని చూడ్డానికి.

తెలుసు. గుండుగాడు తెలుసు, చెవి తెలుసు, ఈ వయసులో ఇంకో చోట పని దొరకడం ఎంత కష్టమో తెలుసు. ఆయన ఫోన్లోంచో, మామూలు ఫోన్ చేసో అనొచ్చనీ తెలుసు, కానీ దాక్కుని అంటే అది అక్కకి తిట్టులా వినపడదు. అన్నీ తెలిసే బొత్తాం నొక్కి పట్టుకున్నాను.

మొదట మాట రాలేదు. ఊపిరి మాత్రం రికార్డయింది. తర్వాత వచ్చింది. "ఏమే అక్కా, నీ మొహం మండ. చెప్పు కరిచింది అని చెప్పడానికి నోరు పడిపోయిందా నీకు? పాదరక్షలట, అసౌకర్యమట, నీ శ్రాద్ధమట. నేను వద్దన్నానే అనుకో, నువ్వు ఎప్పుడు విన్నావు కనుక నా మాట, దీనికే వినాలా? నువ్వు చస్తే పొద్దున్నే నన్ను తిట్టేదెవరే? ముద్ద ముట్టుకోవట్లేదట. నేను లోపలికొచ్చానంటే ఆ పళ్ళెం నెత్తిన బోర్లిస్తాను. చస్తే చద్దువు గాని, ముందు తిని చావు. లేకపోతే కాళ్ళు విరగ్గొడతాను."

చివరి మాట అనేశాక అద్దంలోంచి ఆ కట్టు కట్టిన కాలు కనిపించింది. ఎవరితో అన్నాను, ఏమన్నాను. వెనక్కి తీసుకుందామనుకునేలోపు వెళ్ళిపోయింది.

తలుపు అవతల నా గొంతే వినిపించింది. అక్క పెద్దగా పెట్టి వింటోంది. వార్డులో ఎవరో నవ్వారు. నా మాట అయిపోయింది, మళ్ళీ మొదటి నుంచి వచ్చింది. కాళ్ళు విరగ్గొడతాను అన్న చోట ఒక దగ్గు వినిపించింది, దగ్గు కాదు, అక్క నవ్వు. కుట్లు లాగుతున్నాయేమో, నవ్వుతూ మూలుగుతోంది. మూడోసారి కూడా పెట్టింది.

అప్పుడు నా ఫోన్‌కి వచ్చింది. "ఇన్నాళ్ళకి నోరొచ్చిందా, చచ్చినదానా. విరగ్గొట్టడానికి ఒకటే మిగిలింది, దాన్నన్నా ఉంచు."

వెనకే గొడుగు ఎర్రబడింది. "మీకు ఎవరి వల్లనైనా హాని ఉందా?" అంది. లేదు నొక్కాను. వివరంగా రాయమంది. రాయలేదు.

అద్దంలోంచి చూస్తే ఒక చెయ్యి వచ్చి పళ్ళెం తీసుకుంది.

జూలై 1

నిన్న రాత్రే వచ్చాం. పొద్దున డేకేర్‌కి వెళ్ళాను.

మేడమ్ దగ్గర కాగితం ఉంది. ఈసారి చదవలేదు. "ఒక్క రెండు రోజులు ఆగలేకపోయారా అమ్మా," అంది.

"ఆగలేకపోయానండీ."

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. మంచి మనిషే. సంతకం ఎక్కడ పెట్టాలో చూపించింది, పెట్టాను. సంతకాలు పెట్టడం నాకు అలవాటే.

బయటికి వచ్చేటప్పుడు పసిపిల్లల గది అద్దం ముందు నుంచే రావాలి. చూడకూడదనుకున్నాను, చూశాను. గుండుగాడికి నెత్తిన సన్నగా జుట్టు మొలుస్తోంది. ఇంక వాణ్ణి గుండు అనడానికి లేదు. కొత్తావిడ భుజం మీద పడుకుని ఉన్నాడు, చెయ్యి చాపి ఆవిడ చెవి పట్టుకుని. నన్ను చూడలేదు. నిద్రపోతున్నాడు.

మంచిదే. నిద్రపోవాలి కదా. అని ఎంత చెప్పుకున్నా ఏడుపు ఆగలేదు, గేటు దాటే దాకా ఆగలేదు.

బస్టాపులో నిలబడి అక్కకి వాయిస్ పెట్టాను. "తీసేశారే. వాడు ఇంకెవరి చెవో పట్టుకుని పడుకున్నాడు. ప్రాణం పోతోందే అక్కా."

బస్సు రాకముందే జవాబొచ్చింది. వెనక గిన్నెల చప్పుడు, ఎవరినో కేకలేస్తోంది, అన్నం చల్లగా ఉందని. తర్వాత నా వైపు తిరిగింది.

"చస్తే చద్దువు గాని, ముందు తిని చావు."

పక్క కొట్లో రెండు అరటిపళ్ళు కొనుక్కుని అక్కడే నిలబడి తిన్నాను.